వెనకబండికి తగిలే రాయి

మన ఇళ్లల్లో ప్రయాణమంటే సామానే. మనుషులు నలుగురే అయినా మూటలు పద్నాలుగు తేలతాయి. మరచెంబు, మడతమంచం, ఊరగాయ జాడీ, దిండ్లు, చాపలు ఇవన్నీ ఎక్కాక మనుషులకు చోటెక్కడ అన్న ప్రశ్న ఆఖరున పుడుతుంది. ఈ చిక్కు విడదీయడానికి మా బావమరిది తన జీపు వెనక రెండు చక్రాల చిన్నబండి ఒకటి తగిలించాడు. చూడగానే మా అత్తగారు, "తాను దూర సందు లేదు, మెడకో డోలు!" అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు మా యింటిల్లిపాదీ దాన్ని 'డోలు' అనే పిలుస్తారు.

డోలు అంటే ఆరడుగుల రేకుతొట్టి. పైన మడిచి విప్పుకునే గుడారం. రాత్రిపూట విప్పితే పిల్లలిద్దరు హాయిగా పడుకుంటారు. ఒక మూల వంద లీటర్ల నీళ్లపీపా, దానికి అడుగున కొళాయి. బండి కదులుతున్నప్పుడు మాత్రం అందులో ఎవరూ కూర్చోరాదని మా బావమరిది శాసనం. అది మంచి శాసనమే.

ఈ ఊహ కొత్తదేం కాదు. ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు 1885లోనే రెండు గుర్రాలు లాగే యిల్లొకటి చేయించుకుని, సరదాకి దేశమంతా తిరిగాడు. 1919 నాటికి అక్కడ మోటారుకారు వెనక కట్టే ఇళ్లు అమ్మకానికి వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధంలో జీపుకు జోడీగా పావుటన్ను మోసే తొట్టిబండి కూడా తయారైంది. ఇక మన గూడుబండి వుండనే వుంది. తిరునాళ్లకు బయలుదేరితే వంటా, పడకా, పిల్లల జోలపాటలూ అన్నీ దాని నీడనే జరిగేవి.

అయితే గూడుబండికి లేని బెడద ఒకటి డోలుకు వచ్చిపడింది. అదే రాళ్ల దెబ్బ. పేరు పెట్టిన వేళావిశేషమో ఏమో, బండి కదిలిన దగ్గర్నుంచి దాని మూతిమీద టకటకా వాయింపే! ఎద్దులు దుమ్ము లేపుతాయిగాని, రాళ్లు విసరవు. బండిచక్రం తనంత తాను పోదు. ఎద్దు లాగితే దొర్లుతుంది, అంతే. మోటారు సంగతి వేరు. దాని చక్రమే నేలను వెనక్కి తన్ని ముందుకు పోతుంది. ఆ తన్నుకు వదులుగా వున్న రాయి లేచిపోతుంది.

ఈ తేడా వల్లనే రోడ్ల చరిత్రే మారింది. కంకరరోడ్డుకు తన పేరు యిచ్చిన మెకాడమ్ దొర ఆరు ఔన్సులకు మించిన రాయి రోడ్డుకు పనికిరాదన్నాడు. ఆ రోజుల్లో ఇనపకమ్మి చక్రాలు ఆ రాళ్లను నలిపి, నూరి, ఆ పొడితోనే రోడ్డును బిగించేవి. తరవాత మోటార్లు వచ్చి, రబ్బరు చక్రాలతో ఆ పొడి కాస్తా ఊడ్చిపారేశాయి. రాళ్లు పైకి తేలాయి, దుమ్ము రేగింది. ఆ దుమ్ము బాధ పడలేకనే 1902లో మొనాకోలో గుగ్లియెల్మినెట్టి అనే వైద్యుడు రోడ్డుమీద తారు పోయించాడు.

మా అత్తవారిది గుమ్మఘట్ట ప్రాంతం. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఈ రాయదుర్గం తాలూకా అంతా బళ్లారి జిల్లాలో వుండేది. ఇప్పటికీ ఇక్కడ అంగడిలో బేరం ఒక భాషలో మొదలై ఇంకొక భాషలో తెగుతుంది. పెద్దరోడ్లకు తారు వుంది. ఆ తారుమీదే టిప్పర్లు పోతూ పోతూ కంకర రాల్చిపోతాయి. పక్కకు తిరిగితే గరుసుబాట. వాన తక్కువ సీమ గదా, గరుసు అణిగి గట్టిపడడానికి తడి తగలదు. ఏడాది పొడుగునా రాళ్లు వేయించిన శనగల్లాగ పొడిపొడిగా దొర్లుతూనే వుంటాయి.

ఒక వేసవిలో పిల్లలకు భైరవానితిప్ప జలాశయం చూపిద్దామని బయలుదేరాము. వేదవతి నదికి, అదే ఇక్కడివారి హగరికి, కట్టిన ఆనకట్ట అది. ఈ నదిని నమ్ముకోవడం ఎంత కష్టమో ఒక్క మాటలో చెప్పవచ్చు. ఎగువన కర్ణాటకలో వున్న వాణీవిలాస సాగరం 1933లో పొర్లాక, మళ్లీ పొర్లింది 2022లో! మేము వెళ్లిన ఏడు జలాశయంలో చెప్పుకోదగ్గ నీరు లేదు. కనక జలాశయం చూడడానికి వంద లీటర్ల నీళ్లు మోసుకుపోయాము.

గట్టు దగ్గర చెట్టునీడన దిగి, మా ఆవిడ బియ్యం కడగడానికి గిన్నె పట్టుకుని కొళాయి దగ్గరకు వెళ్లింది. కొళాయి లేదు! పోకచెక్కంత రాయి తగిలి అది మొదలంటా విరిగిపోయింది. పీపా అడుగున చెంబెడు నీళ్లు మిగిలాయి. మేము వచ్చిన దారిపొడుగునా సన్నటి తడిచార. ఎండ నడినెత్తిన వుంది. చంటివాడు నిద్రలేచి మంచినీళ్లన్నాడు. ఆ చెంబెడు నీళ్లూ పిల్లలకని మా అత్తగారు కొంగు చాటున పెట్టుకుని కూర్చున్నారు. తను మాత్రం చుక్క ముట్టలేదు. "నాకు దాహంగా లేదమ్మా" అన్నారు. ఆ పెదవులు చూస్తే అబద్ధమని తెలుస్తూనే వుంది.

ఆ సమయానికి దేవుడు పంపినట్టు నీళ్ల ట్యాంకరు ఒకటి ట్రాక్టరు వెనక ఊగుతూ వచ్చింది. డ్రైవరు ముప్ఫై ఏళ్ల కుర్రవాడు. మా అవస్థ చూసి, అడక్కముందే బిందెడు నీళ్లు పట్టి మా అత్తగారి ముందు పెట్టాడు. "తాగమ్మా, ముందు నువ్వు తాగు" అన్నాడు. డబ్బివ్వబోతే, "నీళ్లకు దుడ్డేంది సార్!" అని నవ్వాడు. తరవాత వంగి డోలు అడుగున చూశాడు.

"ఈ రాయి యాడనుంచో రాలేదు సార్. మీ జీపే కొట్టింది" అన్నాడు.

తన ట్యాంకరు కొళాయి చూపించాడు. పాత టైరుముక్క ఒకటి దానిముందు తెరలాగ వేలాడుతోంది. రేకు పెట్టలేదేమని అడిగాను.

"గట్టిగా బిగిస్తే ఇరిగిపోతాది సార్. యాలాడగడితే అదే తప్పుకుంటాది."

నేను వ్యాకరణ సూత్రాలు బోధించేవాణ్ని. ఇంత తక్కువ మాటల్లో ఇంత అర్థం ఇమిడ్చిన సూత్రం వినడం అరుదు. ఆ కుర్రవాడి మాట పట్టుకునే మా బావమరిది డోలును చక్కబెట్టాడు. బండి లాగే కుటుంబాలకు పనికివస్తుందని ఆ వైనం చెబుతున్నాను.

మొదటి కాపుదల వెనకబండికి కాదు, ముందుబండికి. జీపు వెనకచక్రాల వెంబడి టైరుకన్న కాస్త వెడల్పుగా రబ్బరు రెక్కలు వేలాడదీయాలి. తారురోడ్డుమీద నేలకు బెత్తెడు ఎత్తున వుంటే చాలు. చేలబాటలో జానెడు వుండాలి. లేకపోతే బండి వెనక్కి నడిపేటప్పుడు చక్రం కిందపడి చిరిగిపోతాయి. పొగగొట్టానికి తగలకుండా చూసుకోవాలి.

రెండవది, తొట్టి మూతి. దెబ్బలన్నీ అక్కడ కింది సగంలోనే తగులుతాయి. ఆస్ట్రేలియాలో మట్టిరోడ్లమీద తిరిగేవారు అక్కడ వలతెర కడతారు. తెర నిటారుగా బిగించితే రాయి ఎగిరివచ్చి ముందుబండి వెనక అద్దాన్నే పగలగొడుతుంది. వాలుగా వుంటే రాయి కిందికో పక్కకో పోతుంది. వదులుగా వేలాడితే ఊపులోనే దాని జోరు చచ్చి కిందపడుతుంది. మాకు ఒక ఇనపకడ్డీ, దానికి వేలాడే రబ్బరు పట్టా సరిపోయాయి. దీపాలకూ, నంబరు పలకకూ అడ్డు రాకపోతే చాలు.

మూడవది, ఏది పోతే ప్రయాణం ఆగిపోతుందో దానిని ముందు కాపాడాలి. రంగు గీరుకుపోతే ఇంటికొచ్చాక వేసుకోవచ్చు. కొళాయి, దీపాల తీగ, గ్యాసు మూత అలాంటివి కావు. కొళాయిని అడుగునుంచి తీసి తొట్టి లోపలికి మార్చాము. తీగకు పాత ట్యూబు తొడిగాము. సిలిండరు మూత బిగించి, గొట్టం తీసేసి, నిటారుగా కట్టి, గాలి ఆడేచోట పెడతాము. అన్నిటికీ మించి, వున్న నీళ్లన్నీ ఒకే పీపాలో పెట్టడం మానేశాము.

ఆఖరుది, ఖర్చులేనిది: నెమ్మది. గాలిలోకి లేచిన రాయికి మన బండే ఎదురువెళ్లి కొట్టుకుంటుంది. వేగం ఇరవై నుంచి నలభై కిలోమీటర్లకు పెరిగితే దెబ్బ జోరు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. టిప్పరు ముందు పోతుంటే దాన్ని పోనిచ్చి, దుమ్ము అణిగాక కదలడం మేలు.

ఇంత చేశాక కూడా డోలుమీద చప్పుడు పూర్తిగా ఆగలేదు. తోలుమీద కొట్టినట్టు మెత్తగా వినిపిస్తుంది, అంతే. నీళ్లు మాత్రం చుక్క పోలేదు. ఇప్పుడు ఎక్కడ దిగినా మా అత్తగారు మొదట బిందె నింపి దారిపక్కన పెట్టిస్తారు. గొర్రెలకాపరి ఎవరైనా వస్తే, "తాగు నాయనా, ముందు నువ్వు తాగు" అంటారు.