మంచు విడిచాకే పెట్టె మూత

పర్చూరు దాటి ఇంకొల్లు వైపు వెళ్తుంటే, మాఘమాసంలో పొద్దున ఎనిమిదైనా మంచు నల్లరేగడిని వదలదు. ఒకవైపు చివరి తీతకు వచ్చిన పత్తి, మరోవైపు ఎర్రబడుతున్న మిరప, మధ్యమధ్య తెల్లగా పూసిన ధనియాల చేలు. అలాంటి ఒక ధనియాల చేని గట్టున, సర్కారు తుమ్మల వారగా, వరసలో నిలబెట్టిన తేనెటీగల పెట్టెలు చూడటానికి వెళ్లాను. పెట్టెల యజమాని మంచం వాల్చి కూర్చోమన్నారు. పనిలోకి దిగే తొందర ఆయనకు లేదు. "మంచు విడవనివ్వండి. ఇప్పుడు మూత తీస్తే పిల్ల చల్లబడిపోద్ది," అన్నారు.

ఆయన పిల్ల అంటున్నది పట్టు గదుల్లో ఎదుగుతున్న సంతానాన్ని. గుడ్లు, తెల్లటి చిన్న పురుగులు, మైనపు మూత కింద రూపు దిద్దుకుంటున్న ఈగలు, అన్నీ అందులోకే వస్తాయి. వాటి చుట్టూ 34, 35 డిగ్రీల వేడి ఉండాలి. బయట 18 ఉన్నా 45 ఉన్నా లోపల మాత్రం అదే. చలి పెడితే కూలీ ఈగలు రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. ఎండ ముదిరితే నీళ్లు మోసుకొచ్చి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. మూత తీయడమంటే ఆ కష్టాన్ని ఒక్క క్షణంలో గాలికి వదిలేయడమే. అందుకే ఎండ వీపుకు తగిలేదాకా ఆయన కదలలేదు.

మంచు కురిసే దేశాల్లో తేనెటీగలవాళ్లు చలికాలమంతా పెట్టె జోలికి పోరు. ఈగలన్నీ ఒక ముద్దగా కూడి దాచుకున్న తేనెతో నెలలు గడుపుతాయి. వసంతంలో మొదటి వెచ్చటి రోజున మూత తీసి ఏ పెట్టె బతికిందో, ఏది పోయిందో చూసుకుంటారు. మన మెట్టలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ చలికాలమే వాటికి పండగ. కంది పూతతో మొదలై ధనియాలు, పొద్దుతిరుగుడు, మునగ, మొక్కజొన్న పుప్పొడి వరసగా అందుతాయి. మార్చి, ఏప్రిల్‌లో కానుగ, వేప కొంత ఆదుకుంటాయి. ఆ తరువాత రోహిణి కార్తె దాటి వానలు పడేదాకా కరువు. అప్పుడు పెట్టెల మీద తడి గోనెలు కప్పి, పంచదార పాకం పోసి కాపాడుకోవాలి. కాబట్టి మాఘంలో మూత తీసేవాడికి ఏది బతికిందన్న సందేహం ఉండకూడదు. ఏ పెట్టె మీద తేనె గది ఎక్కించాలి, దేన్ని రెండుగా విడదీయాలి అన్న ఆలోచనే ఉండాలి.

ఈయన పెట్టెల్లో ఉన్నవి ఇటాలియన్ ఈగలు. మన పుట్ట తేనెటీగలు కావు. 1991-92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది పుట్ట తేనెటీగలను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసింది. ఆ దెబ్బ తరువాతే పెంపకందార్లు ఇటాలియన్ ఈగల వైపు మళ్లారు. పెట్టె కాళ్లు నీళ్లు పోసిన గిన్నెల్లో ఉన్నాయి, చీమలు ఎక్కకుండా. పైన కరెంటు తీగ మీద పసిరిక పిట్టలు బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కోటి రివ్వున దిగి ఒక ఈగను పట్టుకుని మళ్లీ తీగ మీదికి పోతోంది. "వాటి వాటా వాటిది," అన్నారు ఆయన భార్య, పొగ డబ్బాలో గోనె ముక్కలు, కొబ్బరి పీచు కుక్కుతూ.

ఎండ వచ్చింది. ఆవిడ పెట్టె వాకిలి దగ్గర రెండుసార్లు పొగ వదిలారు. ఈగల రాకపోకలకు అడ్డం రాకుండా ఆయన పెట్టె వెనకవైపు నిలబడి, ఇనుప పట్టీతో మూత పైకి లేపారు. ఒక ఫ్రేము తీసి, వెలుగు గదుల అడుగుదాకా పడేలా భుజం మీదుగా ఎండకు పట్టి నన్ను చూడమన్నారు. బియ్యపు నూక కన్నా సన్నటి గుడ్లు, గదికొకటి.

"రాణి ఏదండీ?" అని అడిగాను.

"రాణితో పనేముంది? గుడ్డు మూడు రోజుల్లో పురుగవుద్ది. గుడ్డు ఉందంటే ఈ మూడు రోజుల్లో రాణి ఇక్కడ తిరిగినట్టే కదండీ. దాని కోసం ఫ్రేములన్నీ చలిలో తిప్పడం దండగ."

చూడాల్సింది చూశారు. పిల్ల మధ్యలో ఖాళీలు లేకుండా ఉందా, దాని చుట్టూ పుప్పొడి, ఆపైన తేనె వరసలో ఉన్నాయా, మైనపు పురుగు గూళ్లు కట్టిందా. ఫ్రేము మళ్లీ దాని చోట దిగిపోయింది. బలమైన పెట్టెలకు ఇంతకన్నా ఎక్కువసేపు పట్టలేదు.

వరస చివర, మిరప తోటకు దగ్గరగా ఉన్న పెట్టె దగ్గర మాత్రం ఆయన చేయి ఆగింది. ఫ్రేము నడుమ పిల్ల బాగానే ఉంది. అంచుల్లో గదులు మాత్రం బూడిద రంగుకు తిరిగాయి. కొన్నిట్లో పురుగు నల్లబడింది. అగ్గిపుల్లతో ఒక గదిని గుచ్చి లాగారు, తీగ సాగలేదు. ఇంకో పురుగును ఎత్తి చూశారు, నీళ్ల తిత్తిలా రాలేదు. "రోగమైతే అంచు చూసుకుని పట్టదండీ. ఇది చలి దెబ్బ," అన్నారు.

పక్క పెట్టెలకు తగలని చలి దీనికెలా తగిలింది? జవాబు వాకిలి ముందు నేల మీద ఉంది. చీమలు మోసుకుపోగా మిగిలిన ఈగలు, నాలుకలు బయటికి చాచి చచ్చి పడున్నాయి. అది మందు తగిలిన ఈగ గుర్తు. మేతకు పోయిన ముసలి ఈగలు చేలోనో దారిలోనో పడిపోతే, లోపల పిల్లను సాకే పడుచు ఈగలు వాటి పనికి బయటికి పోవాల్సి వస్తుంది. పిల్లను కప్పి కూర్చునేవి తగ్గిపోతాయి. రాత్రి చలికి ఉన్నవన్నీ నడిమికి చేరి అక్కడ వేడి నిలబెడతాయి. అంచు చల్లబడిపోతుంది. మన మెట్టలో చలి ఒక్కటే ఏ పెట్టెనూ చంపదు. మందు పలచన చేసిన పెట్టెనే చంపుతుంది. ఆ సంగతి తెలియని కొత్త పెంపకందారు చలి అనుకుని గోనె కప్పి ఊరుకుంటాడు. అసలు కారణం పక్క చేలో ఉంటుంది.

ఆయన ఆ పెట్టెలోంచి ఖాళీ ఫ్రేములు తీసేశారు. ఈగలు నిండుగా కప్పగలిగినన్ని ఉంచి, పక్కన అడ్డుపలక దింపి ఇరుకు చేశారు. బలమైన పెట్టెలోంచి, ఈగలను దులిపేసి, నేడో రేపో బయటికొచ్చే మూతపడ్డ పిల్ల ఉన్న ఫ్రేము తెచ్చి మధ్యలో పెట్టారు. చిన్న పురుగులున్న ఫ్రేము ఇవ్వరు. సాకడానికి చాలినన్ని ఈగలు లేనిచోట అదనపు బరువవుతుంది.

పక్క మిరప తోట రైతు అప్పటికే గట్టు మీదికొచ్చి చూస్తున్నారు. దొంగలా తప్పుకుపోలేదు. "మొన్న పొద్దున తైవాన్ పంపుతో కొట్టింది మేమే," అని తనే చెప్పారు. "కొట్టకపోతే నల్ల తామర పూతంతా రాల్చేస్తది. పెట్టుబడి ఎవరిస్తారండీ?"

ఆ మాట కొట్టిపారేయలేం. మన పాత తామర పురుగు ఆకును పైకి ముడిచేది, పై ముడత అనేవాళ్లం. 2021లో మిరప మీద పడిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. ఇది పువ్వులోకి దూరి కూర్చుంటుంది. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో తోటలు దున్నేసినవాళ్లున్నారు. పురుగు పువ్వులో ఉంటే మందూ పువ్వులోకే పోవాలి. ఈగ వాలేదీ ఆ పువ్వు మీదే. పత్తిలో ఇంకొంచెం ఇబ్బంది, పువ్వు లేకపోయినా ఆకు వెనక ఈనె మీద ఉండే తేనె గ్రంథి కోసం ఈగలు వస్తాయి.

అయినా ఎక్కువ కొట్టిన కొద్దీ పంట నిలుస్తుందన్నది ఈ నేల ఒప్పుకోని మాట. 1980లలో పైరెత్రాయిడ్ మందులు మితిమీరి కొట్టాక మిత్రపురుగులు నశించి పత్తిలో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ప్రకాశం పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశమంతా విన్నది. నల్ల తామరను తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు కూడా పొద్దుటి పిచికారీలో ఈగలతోపాటే పోతాయి. ఐరోపా సమాఖ్య ఇమిడాక్లోప్రిడ్‌తో సహా మూడు మందులను ఆరుబయట వాడకుండా 2018లో నిషేధించింది. మనకు నిషేధాల దాకా పోకముందే చేతిలో ఉన్న పని ఒకటుంది. పూత మీద పొద్దున కొట్టకూడదు. ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టాలి. నాలుగైదు మందులు కలిపి కొట్టడం మానాలి. నీలిరంగు జిగురు అట్టలు ముందే పెట్టాలి. ఊళ్లో గొడ్లు ఎన్నున్నాయో రాసుకునే మనం ఈగల పెట్టెలు ఏ గట్టున ఉన్నాయో రైతు సేవా కేంద్రంలో ఎందుకు రాసుకోకూడదు? పెట్టెలు పెట్టినవాడి ఫోన్ నంబరు చుట్టుపక్కల రైతుల దగ్గర ఉండాలి. ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదు. ధనియాల్లో, పొద్దుతిరుగుడులో గింజ కట్టించే పని ఈగ కూలి లేకుండా చేసిపెడుతుంది.

గట్టు మీద పెట్టెలాయనకూ మిరప రైతుకూ మధ్య మాటలు ఏ పెద్దమనిషీ లేకుండానే నడిచాయి. కొట్టే ముందు రోజు కబురు చెబితే, కొట్టిన మర్నాడు పొద్దున వాకిళ్లకు జాలీ బిగించి, తడి గోనె కప్పి పది దాకా ఈగలను ఆపుకుంటానని పెట్టెలాయన ఒప్పుకున్నారు. అంతకుమించి ఆపితే లోపల ఉక్కకు చస్తాయి.

"ఎన్నాళ్లుంటాయి ఇక్కడ?" అని మిరప రైతు అడిగారు.

"ధనియాల పూత ఉన్నన్నాళ్లు."

"అయితే అన్నాళ్లూ సాయంత్రమే కొడతాం. మా కూలీలు సాయంత్రం పూట రామంటే వాళ్లకి ఇంకో వంద ఇవ్వాలి, అది చూసుకుందాం. మీరు మాత్రం ఫోను ఎత్తాలండీ."