ఇష్టానికి మార్కుల్లేవు

"అన్నా, నాకు న్యూట్రిషన్ అంటే ఇష్టమని ఎంబీబీఎస్ అప్లికేషన్‌లో యాడ రాయల్ల?"

గాండ్లపెంటలో మా పక్కింటి పాప అడిగింది. అమెరికాలో వాళ్ల పెద్దమ్మ కూతురు మెడికల్ కాలేజీకి ఇదే రాసిందంట.

మనకు యాడా రాసే పని లేదు పాపా.
నీట్‌లో 720కి ఎన్నొచ్చినాయి, ర్యాంకెంత, అంతే.

ఆ పిల్లది ఉత్త ఇష్టం కాదబ్బా. బళ్లో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర ఖాళీ కడుపుతో మింగితే తిప్పుతుందని, అందుకే పిల్లోళ్లు పారేస్తారని తనే చెప్పింది.

ఆ మాత్రలో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని 1945లో అమెరికాలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే!

డాక్టర్లెవరన్నా ఉంటే చెప్పండి, ఎంబీబీఎస్‌లో మీకు తిండి గురించి ఎన్ని క్లాసులు చెప్పినారు? పాపకు చూపించల్ల.