చెవిలో నూతి కథ, కిటికీలో కంది చేలు

తాండూరులో బండలు చూసి రావడం అసలు పని. ఊళ్లో పాత ఇంటికి గచ్చు మార్చాలి, పసుపు నాపరాయే వేయాలని అమ్మ పట్టుదల. దారిలో అనంతగిరి మీద ఒక రాత్రి ఆగుదామనుకున్నాను. తోడుగా ఫోన్‌లో పెట్టుకున్నది స్టీఫెన్ కింగ్ ‘ఫుల్ డార్క్, నో స్టార్స్’ శ్రవణ పుస్తకం. 2010లో వచ్చిన ఈ సంపుటిలో నాలుగు రచనలున్నాయి. కథ కంటే పెద్దవి, నవల అనేంత పొడవు లేనివి. వినడానికి 14 గంటల పైచిలుకు పడుతుంది. రెండింటిని క్రెయిగ్ వాసన్ చదివాడు, రెండింటిని జెస్సికా హెక్ట్ చదివింది.

మొదటి కథ ‘1922’. రైలు శంకర్‌పల్లి దాటేసరికే అందులో మునిగిపోయాను. అమెరికాలో నెబ్రాస్కా అనే వ్యవసాయ రాష్ట్రం. విల్‌ఫ్రెడ్ జేమ్స్ అక్కడ ఒక రైతు. భార్యకు ఆమె తండ్రి నుంచి నూరెకరాలు వచ్చాయి. వాటిని పందిమాంసం కంపెనీకి అమ్మేసి పట్నం పోదామంటుంది ఆమె. నేల వదలడం అతనివల్ల కాదు. పద్నాలుగేళ్ల కొడుకును మెల్లమెల్లగా తనవైపు తిప్పుకుంటాడు. తండ్రీకొడుకులు కలిసి ఆమెను చంపి, పాత నూతిలో పడేస్తారు. రచయిత ఇందులో ఏదీ దాచలేదు, హత్య కథ మొదట్లోనే అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఇల్లు, ఆ పొలం, ఆ పిల్లవాడు ఏమైపోయారన్నదే కథ. ఎనిమిదేళ్ల తర్వాత హోటల్ గదిలో కూర్చుని విల్‌ఫ్రెడ్ రాసుకున్న ఒప్పుకోలు ఇది.

కాబట్టి ఇది చెవికే పుట్టిన కథ అనిపించింది. పుస్తకంలోనైతే నూతి దగ్గరి ఘట్టం వచ్చినప్పుడు కళ్లు నాలుగు పంక్తులు దాటేస్తాయి. చెవికి ఆ వీలు లేదు. వాసన్ పల్లెటూరి మనిషి యాసలో, పంట లెక్క అప్పజెబుతున్నంత నెమ్మదిగా చెప్పుకుపోతాడు. నూతిలోని ఎలుకల సంగతీ అదే గొంతుతో చెబుతాడు. ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగాలో ఆయనే నిర్ణయిస్తాడు, మనం ఆయన వెనక నడవాల్సిందే.

కిటికీ బయట కంది పూతకొచ్చింది. నల్లరేగడి మీద పసుపు. ఈ నేలలో పండిన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేల మధ్యలోనే అక్కడక్కడా హద్దురాళ్లు, రంగు జెండాలు, ‘ప్లాట్లు అమ్మబడును’ అన్న బోర్డులు. 2016లో వికారాబాద్ జిల్లా అయ్యాక ఈ దారిలో ఫామ్‌హౌస్‌లు, వెంచర్లు బాగా పెరిగాయి. అమ్ముదామనేవారు, వద్దనేవారు ఒకే ఇంట్లో ఉంటారు.

ఎదుటి సీట్లో తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన చాలాసేపటి నుంచి నన్నే చూస్తున్నాడు.

“ఏమింటున్నవ్ బిడ్డా, గంత దీక్షగ?”

“కథ తాతా. పొలం అమ్ముతానందని భార్యను చంపినాయన కథ.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: “ఎంత పొలం?”

“నూరెకరాలు.”

“నూరెకరాలా! మా దిక్కు పది గుంటలకే అన్నదమ్ములు కోర్టుకెక్కిన్రు.” మళ్లీ కొంచెం ఆగి, “బాయిల ఏసిండా?” అన్నాడు.

నూతి సంగతి నేను చెప్పనేలేదు. ఒళ్లు జలదరించింది. నెబ్రాస్కా ఎక్కడ, వికారాబాద్ ఎక్కడ? నేల మీద ఆశ పెంచుకున్న మనిషి ఏం చేస్తాడో, ఎక్కడ దాస్తాడో ఆ పెద్దాయనకు ఏ రచయితా చెప్పక్కర్లేదు.

అనంతగిరి మీద చీకటి త్వరగా పడుతుంది. పద్మనాభస్వామి గుడి మెట్లు, కోనేరు, మూసీ పుట్టే చోటు చూసుకుని గదికి చేరి రెండో కథ ‘బిగ్ డ్రైవర్’ మొదలుపెట్టాను. ఒక రచయిత్రి సభ ముగించుకుని అడ్డదారిలో ఇంటికి బయల్దేరుతుంది. దారిలో టైరు పంక్చరవుతుంది, సాయానికి ఆగినవాడే ఆమె మీద పడతాడు. ఒంటరిగా ప్రయాణాలు చేసే ఆడదాన్ని, ఆ భాగం రాత్రిపూట వినలేకపోయాను. ఆపేసి దీపం వేసుకుని కూర్చున్నాను. తెల్లారాక మిగతాది విన్నాను. ఆమె తనలో తాను వాదించుకుంటూ, పోలీసుల దగ్గరికి వెళితే జనం ఏమంటారోనని లెక్కలు వేసుకుంటూ ఉండే ఘట్టాల్లో జెస్సికా హెక్ట్ గొంతు చాలా నిజాయితీగా ఉంది. అత్యాచార బాధితులు ఈ కథ జోలికి ముందూవెనకా చూసుకునే వెళ్లాలి.

ఉదయం కొండ మీది క్షయ ఆసుపత్రి వైపు నడుస్తూ మూడోది, ‘ఫెయిర్ ఎక్స్‌టెన్షన్’, విన్నాను. క్యాన్సర్ వచ్చిన మనిషికి రోడ్డు పక్కన ఒకడు ఆయుష్షు అమ్ముతాడు. దానికో షరతు: తన కష్టం ఇంకొకరి నెత్తిన పడాలి, ఎవరి నెత్తినో తనే చెప్పాలి. అతను చిన్ననాటి స్నేహితుడి పేరు చెబుతాడు. నాలుగింటిలో చిన్నది ఇదే, నాకు అన్నిటికంటే క్రూరంగా అనిపించిందీ ఇదే. క్షయను నయం చేసే మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో వెలుగు చూసింది. అది జనానికి అందేదాకా క్షయకు కొండగాలి, విశ్రాంతి, మంచి తిండే వైద్యం. ఊపిరి కోసం జనం ఈ చెట్ల కిందికి వచ్చేవారు. ఆ ఆసుపత్రి ఆవరణ పక్కన నడుస్తూ, ఎవరినైనా ఇచ్చేసి బతకమంటే వాళ్లలో ఎందరు ఒప్పుకునేవారని ఆలోచించాను. చాలామంది ఒప్పుకోరనే నా నమ్మకం. కింగ్ నమ్మకం వేరు.

అక్కణ్నుంచి తాండూరు వెళ్లాను. రోడ్డంతా బండల లారీలే. గనుల్లో నాపరాయి పొరలు పొరలుగా, పేర్చిపెట్టినట్టే ఉంటుంది. గడ్డపారతో సందు చూసి లేపితే పలక ఊడివస్తుంది. నీలం, పసుపు రంగుల బండలు పాలిష్ యూనిట్ల ముందు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. రాయి తీసేసిన పాత గుంతల్లో నీళ్లు నిలిచాయి. వాటి అంచున నిలబడి కిందికి చూస్తే ‘1922’ మళ్లీ చెవిలో మోగింది. చివరి కథ ‘ఎ గుడ్ మ్యారేజ్’ తిరుగు రైల్లో విన్నాను. ఇరవై ఏడేళ్లు కాపురం చేసిన భర్త వరుస హంతకుడని భార్యకు గరాజ్‌లో దొరికిన చిన్న పెట్టెతో తెలుస్తుంది. కాన్సాస్‌లో డెన్నిస్ రేడర్ అనే హంతకుడి భార్యకు ఏళ్ల తరబడి ఏమీ తెలియలేదన్న వార్త నుంచి ఈ కథ పుట్టింది.

మన భయానక సాహిత్యం అనగానే యండమూరి ‘తులసిదళం’, క్షుద్రవిద్య గుర్తొస్తాయి. నేనూ అవి ఊపిరి బిగబట్టి చదివినదాన్నే. కానీ చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ మన జిల్లాల నుంచి వస్తున్నాయి. అలాంటి చోట భయానికి కారణాన్ని మంత్రగాడి మీదికి నెట్టని కథలు మనకు ఎంతో అవసరం. కింగ్ ఈ సంపుటిలో నేరాన్ని దాదాపుగా మనిషి దగ్గరే ఉంచాడు. రైతు, లారీ డ్రైవర్, స్నేహితుడు, భర్త.

భూమి తగాదాలు, పాడుబడ్డ బావులు, పాత గనులు ఉన్న ఈ ప్రాంతం నుంచి ఇలాంటి పెద్ద కథలు రావాలి. వాటిని ఇక్కడి యాసలో, ఇక్కడి గొంతులతో రికార్డు చేయాలి. రచయితలను, గొంతు కళాకారులను కోరేది ఇదే. వినాలనుకునేవారు ‘1922’తో మొదలుపెట్టండి, పగటిపూట వినండి.