సావిత్రమ్మా, మన నెల్లూరోళ్ళూ

రండి, మంటకి ఇంకాస్త దగ్గరగా జరగండి. డిసెంబరు వచ్చిందంటే మన వాకాడులో పొద్దుగూకేసరికి సముద్రం మీంచి ఈశాన్యం గాలి మొదలవుద్ది. ఇట్టాంటప్పుడు నాకు సావిత్రమ్మ గురించి మాట్లాడుకోవాలనిపిస్తుంది. ఆవిడ పుట్టినరోజు డిసెంబరు 6, కన్నుమూసింది 1981 డిసెంబరు 26న. రెండూ ఈ నెలలోనే. యాభై ఏళ్ళు కూడా నిండలేదు మహాతల్లికి.

సావిత్రి పేరెత్తగానే మనవాళ్ళు రెండు ముక్కల్లో కథ తేల్చేస్తారు. మొదటిది "అబ్బ, ఏం నటి!" రెండోది "పాపం, చేజేతులా పాడు చేసుకుంది." ఆ రెండో ముక్క మొదలైతే ఇంక ఆగదు. పెళ్ళి, మందు, అప్పులు, ఆస్పత్రి, అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మనిషి ముప్ఫయ్యేళ్ళు పని చేస్తే, ఆ పని గురించి పది నిమిషాలు కూడా మాట్లాడరు. నాకు కడుపు మండేది అందుకే. ఇవాళ ఆవిడ పని గురించే మాట్లాడుకుందాం.

పుట్టింది గుంటూరు జిల్లా చిర్రావూరులో. పసితనంలోనే తండ్రి పోతే పెద్దమ్మ దుర్గమ్మ, పెదనాన్న కొమ్మారెడ్డి వెంకటరామయ్య బెజవాడలో పెంచారు. నాట్యం నేర్చుకుంది, నాటకాలాడింది. సినిమాల కోసం పెదనాన్న ఆ పిల్లని మద్రాసు తీసుకుపోయాడు. బెజవాడ నించి మద్రాసుకి రైలంటే మన గూడూరు దాటాల్సిందే గదా! 1950లో 'సంసారం'లో పెద్ద వేషం చేతిదాకా వచ్చి జారిపోయింది. 1951లో 'పాతాళ భైరవి'లో ఒక్క నాట్యంతో సరిపెట్టుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి 'దేవదాసు'లో పార్వతి. అప్పటికి ఇంకా టీనేజి పిల్లే.

నా దృష్టిలో సావిత్రిని చూడాల్సిన సంవత్సరం 1955. ఎందుకో చెప్తాను వినండి. ఆ జనవరిలోనే 'మిస్సమ్మ' వచ్చింది. ముందు ఆ వేషం భానుమతిగారిది. నిర్మాతలతో పేచీ వచ్చి ఆవిడ తప్పుకుంటే, అందులో చెల్లెలి వేషానికి తీసుకున్న సావిత్రిని పైకి జరిపి మేరీని చేశారు. చెల్లెలి వేషం జమునకి పోయింది. మేరీ ఎట్టాంటి పిల్ల? ఉద్యోగం కోసం పరాయి మగాడి పక్కన పెళ్ళాంలా నటించాల్సొచ్చి, ఆ ఉక్రోషం మొత్తం ముక్కు మీద పెట్టుకు తిరిగే పిల్ల. సినిమాలో సగం సేపు ఆవిడ నవ్వదు. అయినా ఆ చిరాకు వెనకాల మనసు మెత్తబడటం మనకి తెలుస్తూనే ఉంటుంది. డైలాగులో ఏమీ ఉండదు, అంతా కళ్ళలోనే. ఆ పిల్లకి అప్పిచ్చి వెంటపడే డేవిడ్ ఎవరనుకున్నారు? మన నెల్లూరు రమణారెడ్డే.

అదే నెల చివర్లో 'అర్ధాంగి' వచ్చింది. దర్శకుడు పి. పుల్లయ్య, ఆయనా నెల్లూరాయనే. మాటలు రాసింది ఆత్రేయ. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన మనిషి, మనకి పక్కూరాయన కింద లెక్క. అందులో బుద్ధి ఎదగని జమీందారు కొడుకుని కట్టుకుని, అతన్ని ఓపిగ్గా దిద్ది మనిషిని చేసే ఇల్లాలు సావిత్రి. భర్తకి పెళ్ళామే గురువు! కన్నీళ్ళు కారుస్తూ కూర్చునే ఇల్లాలు కాదు, పట్టుబట్టి పని సాధించే ఇల్లాలు. ఆగస్టులో మళ్ళీ అదే పుల్లయ్యగారు 'కన్యాశుల్కం' తీస్తే సావిత్రి మధురవాణి అయింది. గురజాడవారి మధురవాణి అంటే మాటలా? తెలివీ, వెటకారం, జాలి మూడూ ఒకే చూపులో ఉండాలి. ఇక కె.వి. రెడ్డిగారి 'దొంగరాముడు'లో కూరగాయలమ్ముకునే పిల్ల.

ఒక్క ఏడాదిలో ఒక టీచరు, ఒక జమీందారు కోడలు, ఒక వేశ్య, ఒక కూరగాయల పిల్ల. ఇరవయ్యేళ్ళు ఇంకా సరిగ్గా నిండని ఆడపిల్ల ఇవన్నీ చేసింది. ఒకదాని ఛాయ ఇంకోదాని మీద పడదు. ఇప్పటి నటీమణులు మంచివాళ్ళే, కాదనను. కానీ ఇంత తేడా ఉన్న నాలుగు వేషాలు ఒకే ఏడాది ఎవరికి దొరుకుతున్నాయి చెప్పండి?

1957లో 'మాయాబజార్' గురించి కొత్తగా చెప్పేదేముంది అంటారా? ఉంది. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు లోపల ఉన్నాడని మనకి ఎట్టా తెలుస్తుంది? కెమెరా పట్టింది మార్కస్ బార్ట్లే, ట్రిక్కులు ఆయనవి. కానీ ఎవరూ చూడటం లేదనుకున్న క్షణంలో ఆ పిల్ల నడకలోకి ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు నడక వచ్చి కూర్చుంటుందే, అది ట్రిక్కు కాదు. భుజం ఎగరేయడం, ఆ ఠీవి, వెంటనే ఎవరో వచ్చారని ముడుచుకుపోయి సిగ్గుపడటం! ఒక నటుడి తీరుని ఇంకో నటి ఇంత శ్రద్ధగా చదివి ఒంట్లోకి దించుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ సెట్లో కె.వి. రెడ్డి దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు, ఉదయగిరిలో పుట్టినాయన. చూశారా, ఎటు తిరిగినా ఆవిడ చుట్టూ మన నెల్లూరోళ్ళే.

మనది అరవదేశానికి ఆనుకున్న చోటు గదా, ఆవిడ అరవ సినిమాలు కూడా మనకి పరాయివి కావు. 1960లో 'కళత్తూర్ కణ్ణమ్మ'లో ఆవిడ తల్లి, కొడుకు చిన్నారి కమల్ హాసన్, అతనికి అదే మొదటి సినిమా. మరుసటేడు 'పాశమలర్'లో శివాజీ గణేశన్‌కి చెల్లెలు. దాన్నే తెలుగులో 'రక్త సంబంధం'గా తీస్తే ఎన్టీఆర్‌కి చెల్లెలయింది. మిస్సమ్మలో జంటగా చూసిన జనం ఆ అన్నాచెల్లెళ్ళని చూసి ఏడ్చారంటే ఆ నమ్మకం ఎవరిచ్చారు? తెలుగులో మహానటి, అరవంలో 'నడిగైయర్ తిలగం'. రెండు భాషలవాళ్ళూ మా మనిషే అన్నారు.

ఇక 1964లో 'మూగ మనసులు'. ఆత్రేయ కలం, గోదారి పడవ, పూర్వజన్మ కథ. హిందీలో 'మిలన్'గా తీస్తే సావిత్రి వేషం నూతన్ వేసింది. 2011లో తపాలా శాఖవారు ఆనాటి హీరోయిన్ల మీద స్టాంపులు వేసినప్పుడు నూతన్, మీనాకుమారి, దేవికారాణి పక్కన సావిత్రికీ ఒక స్టాంపు వచ్చింది. మీనాకుమారి కూడా నలభై నిండకుండానే పోయింది. ఆ వరస చూస్తే గుండె బరువెక్కుతుంది.

ఆ 'మూగ మనసులు' మీద ప్రేమతోనే సావిత్రి దాన్ని 1971లో అరవంలో 'ప్రాప్తం'గా తానే డైరెక్టు చేసి తీసింది, శివాజీ హీరో. ఆడలేదు. డబ్బు పోయింది. జనం ఇక్కడే తల పంకిస్తారు, ఎవరు చెయ్యమన్నారు అని. నేనైతే అట్టా అనను. 1968లో 'చిన్నారి పాపలు' తీసినప్పుడు ఆవిడ దర్శకురాలు, వీరమాచనేని సరోజిని నిర్మాత, పి. లీల సంగీతం, రాజసులోచన నాట్యం. ఆడవాళ్ళంతా కలిసి తెలుగు సినిమా తీద్దామని నిలబడ్డారు. భానుమతిగారు అంతకుముందే 'చండీరాణి' డైరెక్టు చేశారు గానీ, ఇట్టా ఒక జట్టుగా రావడం వేరు. మగ దర్శకులు ఎంతమంది సినిమాలు తీసి మునగలేదు? వాళ్ళని సాహసి అంటాం, ఆవిడని అమాయకురాలు అంటాం. ఇది న్యాయం కాదు.

ఆఖరి రోజులు క్లుప్తంగానే చెప్తాను. చక్కెర జబ్బు, 1980 మేలో బెంగుళూరులో కోమా, పందొమ్మిది నెలలు అట్టాగే ఉండి మద్రాసులో పోయింది. ఆ మంచం మీది ఫొటోలు దయచేసి ఎవరికీ పంపొద్దు. ఆవిడ అట్టా గుర్తుండాలని కోరుకుని ఉండదు.

2018లో నాగ్ అశ్విన్ 'మహానటి' తీస్తే కీర్తి సురేశ్‌కి జాతీయ అవార్డు వచ్చింది. మంచి సినిమా. ఇప్పటి పిల్లలకి ఆ పేరు తెలిసింది దానివల్లే. ఈ సంక్రాంతికి మద్రాసు నించీ బెంగుళూరు నించీ పిల్లలు ఇళ్ళకి వస్తారు గదా, 'మహానటి' చూశాం అంటారు. సంతోషం అనండి. ఒకరోజు 'మిస్సమ్మ' పెట్టండి, మర్నాడు 'కన్యాశుల్కం' పెట్టండి. మేరీ, మధురవాణి ఒకే మనిషనీ, రెండూ ఒకే ఏడాది వచ్చాయనీ ముందే చెప్పొద్దు. చివర్లో చెప్పండి.