అరిగిందనుకునే డై

తూటా పేలాక మిగిలేది ఇత్తడి తొడుగు. అమెరికాలో గురి పోటీలవాళ్లు, వేటగాళ్లు చాలామంది దాన్ని పారెయ్యరు, ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఆ పని చేయకూడదు. పేలినప్పుడు ఉబ్బిన తొడుగును నొక్కి మళ్లీ కొలతకు తెచ్చే ఉక్కు అచ్చే సైజింగ్ డై. దాని బయటి మరచుట్లు ఏ కంపెనీవైనా దాదాపు ఒకే కొలత: 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. అందుకే తాత కొన్న డై, మనవడు తొడుగులు నొక్కే ప్రెస్సుకూ పడుతుంది.

అంతకాలం మన్నడంలో వింతేమీ లేదు. గట్టిపరచిన ఉక్కు ముందు ఇత్తడి చాలా మెత్తన. వేల తొడుగులు దూరినా డై పెద్దగా అరగదు. దాన్ని చెడగొట్టేది తొడుగుతో పాటు వచ్చే మట్టి. కాల్పుల రేంజిలో నేలమీద పడ్డ తొడుగును కడగకుండా లోపలికి తోస్తే ఇసుక రేణువు డై గోడకు కరుచుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి తొడుగు మీదా అదే నిలువు గీత. గీత కనబడగానే డై అరిగిపోయిందని తీర్మానించడం తొందరపాటు. చాలాసార్లు అది గోడకు అంటుకున్న ఇత్తడి పొర. డైని విడదీసి, సాల్వెంటుతో తడిపిన గుడ్డతో తుడిస్తే సగం జబ్బు పోతుంది. మిగిలింది మెత్తటి పాలిష్‌తో పోతుంది. గరుకు కాగితం మాత్రం పెట్టకూడదు. అంగుళంలో వెయ్యోవంతు తేడా వచ్చినా లెక్క తప్పే చోటు అది.

డైలోకి తోసేముందు రైఫిల్ తొడుగుకు లూబ్, అంటే జారుడు నూనె, తప్పనిసరి, అదీ అరచేతికి కొబ్బరినూనె రాసుకున్నంత పల్చగా. తక్కువైతే తొడుగు డైలో బిగుసుకుపోతుంది. లాగితే అంచు తెగుతుంది. అప్పుడిక దాని అడుక్కి రంధ్రం తొలిచి, మర కోసి, బోల్టుతో బయటికి లాగాలి. ఎక్కువైతే నూనెకు పోయే దారిలేక తొడుగు మెడ కింది భుజం సొట్టపడుతుంది. డైకి గాలి రంధ్రం ఉంటే అది పూడుకోకుండా చూడాలి. నిటారు గోడల పిస్టల్ తొడుగులకు టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరమున్న డై వాడితే లూబ్ అక్కర్లేదు. కార్బైడ్ గట్టిదే గానీ పెళుసు. తొడుగును పట్టుకునే షెల్ హోల్డర్ గట్టిగా తగిలితే చిట్లుతుంది.

తొడుగు అడుగున ఉండే పేలిపోయిన ప్రైమరును, అంటే మందును అంటించే చిన్న గిన్నెను, బయటికి తోసే డై సూది విరగడం మామూలే. అడుగున మధ్యలో ఒక్క రంధ్రం ఉండే బాక్సర్ తొడుగుల్లో బెర్డాన్ రకం కలిసిందంటే విరిగినట్టే, దాని రెండు రంధ్రాలూ పక్కలకుంటాయి. సూది చవక, ఒకటి దగ్గర పెట్టుకుంటే చాలు.

అసలు జాగ్రత్త కావాల్సింది బుల్లెట్‌ను తొడుగులో కూర్చోబెట్టే సీటింగ్ డైకి. సీసపు బుల్లెట్ల మైనం, సీసపు రజను దాని లోపల పేరుకుంటే బుల్లెట్ కావలసినదానికన్నా లోతుకు దిగుతుంది. లోపల చోటు తగ్గితే తుపాకీలో పీడనం పెరుగుతుంది. ఈ ఒక్కదాన్ని శుభ్రం చేయడంలో బద్ధకం ప్రమాదమే.

పని అయ్యాక డైలకు పల్చగా నూనె పట్టించి పెట్టాలి, మళ్లీ వాడేముందు తుడిచెయ్యాలి. లోపల తుప్పు గుంటలు పడిన డై, చిట్లిన కార్బైడ్ ఉంగరం ఇంట్లో బాగుపడేవి కావు, వాటిని మార్చాల్సిందే.