తేలిక విల్లు

బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలకు వేటగాడు రెండు పేర్లతో తెలుసు. ఇంట్లో అతడు బోయ, వీధిలో బేడ. 1954లో రాజ్‌కుమార్ కథానాయకుడుగా మొదటిసారి తెరమీదికి వచ్చింది ‘బేడర కణ్ణప్ప’ చిత్రంతోనే. ఆ ఏడాదే ఆ కథ ‘కాళహస్తి మహాత్మ్యం’ అనే పేరుతో తెలుగులోనూ వచ్చింది. కన్నడిగులు అంతగా అభిమానించిన ఆ నటుడు నటించిన ఒకే ఒక్క తెలుగు చిత్రం అది. శివుడికి కన్నులిచ్చిన తిన్నడు అందరికీ గుర్తుంటాడు. అతడి చేతిలోని విల్లును గురించి అడిగేవారు మాత్రం తక్కువ.

మన కథలలో గొప్ప విల్లు అంటే బరువైన విల్లే. శివధనుస్సును కదిలించలేక ఎందరో రాజులు తలలు వంచుకొని వెళ్లిపోయారు. అందుచేత, ఎంత గట్టి విల్లయితే అంత మంచి వేట దొరుకుతుందని అనుకోవడం సహజం. అడవిలో బతికినవారి విండ్లను చూస్తే ఈ ఊహ నిలవదు.

నారిని పూర్తిగా వెనక్కు లాగి పట్టుకోవడానికి ఎంత బలం కావాలో అదే ఆ వింటి బిగువు. దీనిని పౌన్లలో కొలవడం వాడుక. 1545లో ‘మేరీ రోజ్’ అనే ఇంగ్లీషు యుద్ధనౌక సముద్రంలో మునిగిపోయింది. దానిలో దొరికిన విండ్లలో చాలావాటి బిగువు 100 పౌన్లకు, అంటే 45 కిలోలకు మించి ఉండేదని అంచనా. కవచం తొడుక్కొన్న సైనికుణ్ణి దూరంనుంచి కొట్టడానికి అంత బిగువు కావాలి. జింకకు కవచం లేదు కదా!

1911లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలోనుంచి ఇషి అనే ఆదివాసి ఒంటరిగా బయటికి వచ్చాడు. అతడి జాతివారిలో మిగిలినవాడు అతడొక్కడే. శాక్స్‌టన్ పోప్ అనే వైద్యుడు అతడితో స్నేహం చేసి, అతడివద్ద విలువిద్య నేర్చుకున్నాడు. ఇషి లేళ్లను వేటాడిన వింటి బిగువు సుమారు 45 పౌన్లు, అంటే 20 కిలోలు. ఒక బియ్యం మూటను ఎత్తినంత బలం! ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో శాన్ ప్రజల విండ్లు ఇంకా తేలికైనవి. ఒక రకం కీటకం పిల్లలనుంచి తీసిన విషాన్ని అమ్ముకు పూసి, గాయపడిన జంతువు జాడ పట్టుకొని గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి నడిచేవారు. అక్కడ చంపేది విషం. విల్లు దానిని మోసుకుపోయే సాధనం మాత్రమే.

విషం లేని తేలిక విల్లు ఎలా పనిచేస్తుంది? అమ్ము తుపాకిగుండులాగా దెబ్బతో చంపదు, కోతతో చంపుతుంది. పదునైన ములుకు పక్కటెముకల నడుమనుంచి ఊపిరితిత్తులలోకి దిగితే జంతువు ఎంతో దూరం పోలేదు. ములుకు మొద్దుబారితే ఎంత గట్టి వింటితో కొట్టినా లాభం తక్కువ. అమ్ము కాస్త బరువుగా ఉండడం కూడా అవసరం. ఒకే చేతితో ఒక ఈకను, ఒక గులకరాయిని విసిరి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. ఈక చేతి బలాన్ని మోయలేదు, రాయి మోస్తుంది.

అయితే అన్నిటికంటె ముఖ్యమైనది దూరం. తేలిక వింటినుంచి వెలువడిన అమ్ము సెకనుకు సుమారు 45 మీటర్ల వేగంతో పోతుందనుకుందాం. నారి మోత మాత్రం సెకనుకు దాదాపు 340 మీటర్ల వేగంతో పోతుంది. జంతువు 40 మీటర్ల దూరంలో ఉంటే, మోత చెవినబడిన తరువాత కూడా దానికి ముప్పావు సెకను మిగులుతుంది. ఉలిక్కిపడి గెంతడానికి అది చాలు. డొక్కలో దిగవలసిన అమ్ము తొడలో దిగుతుంది, లేదా గాలిలో పోతుంది. అదే జంతువు పది మీటర్ల దూరంలో ఉంటే ఆ వ్యవధి సెకనులో అయిదో వంతుకు పడిపోతుంది. బలమైన విల్లు గలవాడు దూరంలో నిలిచి కొట్టగలడు. తేలిక విల్లు గలవాడు దగ్గరికి పోక తప్పదు.

ఆ దగ్గరికి పోవడమే అసలు విద్య. గాలి ఎటు వీస్తున్నదో చూసుకొని, తన వాసన జంతువుకు తగలకుండా ఎదురుగాలిలో నడవాలి. ఎండుటాకుల మీద అడుగు చప్పుడు కాకూడదు. అది తల వంచి మేస్తున్నప్పుడే కదలాలి, తల ఎత్తితే మానులాగా నిలిచిపోవాలి. నీటి చెలమ పక్కన తెల్లవారేదాకా కూర్చున్నా ఒక్క అమ్మయినా వేయకుండా ఇంటికి రావలసిన రోజులే ఎక్కువ. దూరం ఎక్కువగా ఉన్నప్పుడు విల్లు దించేయడం ఇందులో అన్నిటికంటె కష్టమైన పని. గాయపడి తప్పించుకున్న జంతువు ఎక్కడో పొదలో నరకయాతన పడి చస్తుంది, వేటగాడికీ దక్కదు.

వేటగాడికి మరొక తోడు కుక్క. బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరిన ఆతకూరు శిలాశాసనం ఈ తోడుకు సాక్ష్యం. క్రీస్తుశకం 949-50 నాటి ఆ రాతిమీద ఒక వేటకుక్క, ఒక అడవిపంది తలపడుతున్నట్లు చెక్కారు. కుక్క పేరు కాళి. గంగరాజు బూతుగుడి అనుచరుడైన మణలేరుడు దానిని బహుమానంగా అడిగి తీసుకున్నాడు. వేటలో కాళి, పంది ఒకదానినొకటి చంపుకున్నాయి. కుక్కకోసం రాయి నిలిపి, దాని పూజకు భూమి కూడా ఇచ్చారు. అది రాజపరివారం వేట. పేదవాడి వేటలో కుక్క మరింత అవసరం. పారిపోతున్న జంతువును అడ్డగించి తేలిక వింటికి అందేంత దగ్గరగా నిలపగలిగేది అదే.

తెలుగునేలమీద ఈ విద్యను చాలాకాలం నిలుపుకొన్నవారు నల్లమల చెంచులు. 1940లో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వారి పెంటలలో ఉండి, వారి జీవితాన్ని పరిశీలించి, 1943లో ఒక గ్రంథం ప్రచురించాడు. చేత వెదురు విల్లు, ఇనుప ములుకుల అమ్ములు, వెంట కుక్కలు, ఇదీ చెంచు వేటగాడి రూపం. కాని వారి కడుపు నింపింది ఎక్కువగా వేట కాదు. ఆడవారూ మగవారూ గడ్డపలుగులతో తవ్వి తెచ్చిన దుంపలు, అడవిలో ఏరిన పండ్లు, ఇప్పపువ్వు. మాంసం దొరికిన రోజు పండుగ రోజు. వేటపాటలలో గడ్డపలుగుకు చోటు దక్కకపోవడం కొంచెం అన్యాయమే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల రక్షిత ప్రాంతం అయింది. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టం అడవిలో ఉండడానికి, సాగు చేసుకోవడానికి, తేనె వంటి ఫలసాయం సేకరించుకోవడానికి ఆదివాసులకు హక్కులిచ్చింది. తరతరాలుగా అనుభవిస్తున్న ఇతర హక్కులనూ ఒప్పుకుంది. వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది.

ఈ నిషేధం అవసరమే. తుపాకులు, ఉచ్చులు, లారీలు వచ్చిన తరువాత అడవికి రక్షణ లేకపోతే జింకలూ మిగలవు, పులులూ మిగలవు. అయితే అడవిని ఖాళీ చేసినది పది మీటర్ల దూరం చేరేదాకా నారి వదలని వెదురు విల్లు కాదు. చట్టం ముందు తుపాకీ, వెదురు విల్లు రెండూ ఒకటే. అలా కాకుండా చట్టం రాయడం తేలిక కాదు, నిజమే. కాని ఆ భారం ఎక్కువగా పడింది తక్కువ తప్పు చేసినవారి మీదనే.

విల్లు పక్కన పెట్టినా జాడ చూసే చూపు పోలేదు. నల్లమలలో ఎందరో చెంచులు అటవీశాఖవారి శిబిరాలలో కాపలాదారులుగా పనిచేస్తున్నారు. తడిమట్టిలో పులి అడుగును చూసి, అది ఎటు పోయిందో, ఎంతసేపయిందో చెబుతారు. ఆ పనికి తీసుకోబడనివారి పిల్లలకు ఈ చూపు ఎవరు నేర్పుతారన్నది ఇంకా తేలని ప్రశ్న.

అహోబిలంలో ఏటా కనుమనాడు పారువేట మొదలవుతుంది. చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహస్వామి చెంచులకు అల్లుడు కదా, ఆ రోజు చెంచులు విండ్లు పట్టుకొని వచ్చి స్వామి పల్లకి వైపు అమ్ములు వేస్తారు. తరువాత పల్లకి కొండ దిగి, సుమారు నలభై రోజులపాటు పల్లెలన్నీ తిరుగుతుంది.