ఓపెనర్‌కి ఎన్ని ఛాన్సులు ఇవ్వాలి?

కేఎల్ రాహుల్ మీద మా ఇంట్లో జరిగినన్ని గొడవలు పొలం గట్ల గురించి కూడా జరగలేదు. నాన్నది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. ‘వీడికి ఇంకా ఎన్ని ఛాన్సులిస్తారురా?’ అని ఆయన. ‘క్లాస్ ప్లేయర్ నాన్నా, విదేశాల్లో చూడు’ అని నేను. తమ్ముడు మాత్రం మధ్యలో కూర్చుని అన్నం తింటూ ఉంటాడు. వాడు ఓపెనర్. అందుకే వాడికి ఈ గొడవ సరదా కాదు. ఎందుకో తర్వాత చెప్తాను.

2023 ఫిబ్రవరి గుర్తుందా? ఆస్ట్రేలియా మన దేశానికి వచ్చింది. రాహుల్ నాగ్‌పూర్‌లో 20 కొట్టాడు. ఢిల్లీలో 17, 1. అప్పటికి 47 టెస్టులు ఆడేశాడు, సగటు 34 లోపే. మాజీ బౌలర్ వెంకటేశ్ ప్రసాద్ ట్విట్టర్‌లో గట్టిగా అడిగాడు, ఇతన్ని ఇంకా ఎందుకు ఆడిస్తున్నారని. మాజీ ఓపెనర్ ఆకాశ్ చోప్రా విదేశీ పిచ్‌ల లెక్కలు తీసి రాహుల్ తరఫున వాదించాడు. ఆ తర్వాత ప్రకటించిన జట్టులో రాహుల్ పేరు పక్కన వైస్ కెప్టెన్ అన్న మాట లేదు. ఇండోర్ టెస్టులో అతని స్థానంలో శుభ్‌మన్ గిల్ దిగాడు.

నిజం చెప్పాలంటే ఆ నిర్ణయం న్యాయమైనదే. గిల్ అప్పుడు మామూలు ఫామ్‌లో లేడు. నెల ముందే మన ఉప్పల్‌లో న్యూజిలాండ్ మీద వన్డేలో 208 బాదాడు. ఛాన్స్ దొరికాక అదే సిరీస్‌లో అహ్మదాబాద్‌లో 128 కొట్టాడు. టెస్టు జట్టులో ఓపెనర్లకు ఉండేది రెండే కుర్చీలు. ఒకడికి ఇంకో ఛాన్స్ ఇస్తున్నామంటే, బయట నిలబడ్డ ఇంకొకడి ఛాన్స్ లాక్కుంటున్నట్టే. ‘పాపం, ఇంకొక్క మ్యాచ్’ అనేవాళ్లు ఈ రెండో మనిషిని మర్చిపోతారు.

కానీ ‘సగటు 34, తీసి పారేయండి’ అనేవాళ్లు కూడా ఒకటి మర్చిపోతారు. ఓపెనర్ చేసే పని వేరు.

కొత్త బంతి గట్టిగా ఉంటుంది, ఎగురుతుంది, గాల్లో తిరుగుతుంది. బౌలర్లు అలిసిపోయి ఉండరు, స్లిప్‌లో ముగ్గురు నలుగురు కాచుకుని ఉంటారు. ఇంగ్లండ్‌లో మబ్బు పట్టిన పొద్దున, దక్షిణాఫ్రికాలో తొలి సెషన్‌లో, మంచి బంతికి ఎవడైనా అవుటైపోతాడు. అయిదో నంబర్‌లో వచ్చేవాడికి చాలాసార్లు ఆ బంతి మెత్తబడ్డాకే దొరుకుతుంది. అందుకే ఓపెనర్ స్కోర్లలో ఎగుడుదిగుళ్లు ఎక్కువ. ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచడం కుదరదు.

రాహుల్ కేసు చూడండి. 2023లో జట్టులోంచి తీసేసేనాటికి అతనివి ఏడు సెంచరీలు. అందులో ఆరు విదేశాల్లోనే: సిడ్నీ, కొలంబో, కింగ్‌స్టన్, ఓవల్, లార్డ్స్, సెంచూరియన్. సొంతగడ్డ మీద ఒక్కటే, 2016లో చెన్నైలో 199. అదీ ఒక్క పరుగు తక్కువై డబుల్ సెంచరీ పోయింది! ఇంకో వైపు 2017లో వరసగా ఏడు ఇన్నింగ్స్‌లలో యాభై దాటాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో పది ఇన్నింగ్స్‌లలో కలిపి 299 పరుగులు. అందులో 149 ఆఖరి ఇన్నింగ్స్‌లోనే. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లు తిట్లు తిని, పదో దాంట్లో చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇలాంటి బ్యాటర్‌ని ఏమనాలి? నాన్న దగ్గరా నా దగ్గరా ఒకే లెక్కలున్నాయి, తీర్పులే వేరు.

ఇక్కడ మన తెలుగు కుర్రాడి సంగతి ఒకటి చెప్పాలి. 2018 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా టూర్‌లో రాహుల్, మురళీ విజయ్ ఇద్దరూ విఫలమయ్యారు. మెల్‌బోర్న్ టెస్టుకి ఇద్దర్నీ పక్కనపెట్టి, కొత్త కుర్రాడు మయాంక్ అగర్వాల్‌తో పాటు కాకినాడలో పుట్టిన హనుమ విహారిని ఓపెనింగ్‌కి పంపారు. విహారి అసలు మిడిలార్డర్ బ్యాటర్. తొలి ఇన్నింగ్స్‌లో చేసింది 8 పరుగులు. స్కోర్‌కార్డ్ చూసినవాడు ‘ఫెయిల్’ అనేస్తాడు. కానీ ఆ 8 పరుగులకి అతను ఆడింది 66 బంతులు. కొత్త బంతి పదును తగ్గించి వెళ్లాడు. మయాంక్ 76 చేశాడు, పుజారా సెంచరీ కొట్టాడు, మనం 137 పరుగుల తేడాతో గెలిచాం. ఆ 66 బంతులకి ట్రోఫీ ఎవరూ ఇవ్వరు.

ఆ మయాంక్ సంగతేంటి? 2019లో విశాఖలో దక్షిణాఫ్రికా మీద 215, నెల తర్వాత ఇండోర్‌లో బంగ్లాదేశ్ మీద 243. మొత్తం 21 టెస్టులు, సగటు 41కి పైనే. రాహుల్‌ని తీసేసినప్పటి సగటు కంటే చాలా ఎక్కువ. అయినా 2022 మార్చి తర్వాత టెస్టు ఆడలేదు. కారణం లేదని కాదు. విదేశాల్లో అతని సగటు 30 కూడా దాటలేదు. కానీ నాన్న నన్ను ఓడించేది ఈ పేరుతోనే. ‘ఒకడికి తలుపు తీసే ఉంచారు, ఇంకొకడికి గడియ పెట్టారు. అది చెప్పరా ముందు’ అంటాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

తలుపు తీసి ఉంచితే ఏమవుతుందో మాత్రం చూశాం. 2024 అక్టోబర్‌లో బెంగళూరులో న్యూజిలాండ్ మీద 0, 12 చేసి రాహుల్ మళ్లీ బయటికెళ్లాడు. నెల తిరక్కుండానే పెర్త్‌లో రోహిత్ అందుబాటులో లేడు, మళ్లీ ఓపెనర్ అయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో 77 చేశాడు, యశస్వి జైస్వాల్‌తో కలిసి తొలి వికెట్‌కి 201 పరుగులు జోడించాడు. 2025లో ఇంగ్లండ్ వెళ్లి పది ఇన్నింగ్స్‌లలో 532 పరుగులు, రెండు సెంచరీలు. 2018లో అదే దేశంలో, అవే పది ఇన్నింగ్స్‌లలో 299 చేసినవాడే ఇతను. ఆ అక్టోబర్‌లో అహ్మదాబాద్‌లో సొంతగడ్డ మీద రెండో సెంచరీ కొట్టాడు, దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత.

ఇప్పుడు తమ్ముడి సంగతి. రెండేళ్ల క్రితం జిల్లా అండర్-19 జట్టులో వాడికి చోటొచ్చింది. రెండే ఇన్నింగ్స్. ఒకదాంట్లో 4, ఇంకోదాంట్లో 11. మూడో మ్యాచ్ లిస్ట్ వాట్సాప్‌లో వచ్చింది, వాడి పేరు లేదు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, వీడు అడగలేదు. ఆ 11 పరుగులకి 52 బంతులు ఆడాడు, పొద్దున్నే మంచుకి తడిసిన వికెట్ మీద. వీడు అవుటయ్యాక వచ్చినవాడు ఎండెక్కాక 60 కొట్టాడు. లిస్ట్‌లో ఆ 60 ఉంది. తప్పులేదు, బాగా ఆడాడు. కానీ వీడు ఆ తర్వాత మూడు నెలలు కిట్‌బ్యాగ్ జిప్ తియ్యలేదు. అమ్మ ‘బీటెక్ మీద పెట్టరా మనసు’ అంది. వీడు సరే అన్నాడు. ఆ సరే వినడం నాకు కష్టంగా అనిపించింది.

‘నిలకడ లేదు’ అన్న మాట అనాలంటే ముందు నిలబడేంత టైమ్ ఇవ్వాలి కదా. 47 టెస్టులు ఆడినవాడిని ఆ మాట అనొచ్చు, తియ్యొచ్చు కూడా. రెండు ఇన్నింగ్స్‌లు ఆడినవాడి గురించి ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు. ఎంత పెద్ద ఓపెనర్‌ని తీసినా నాలుగు విషయాలు చూసి తియ్యాలి: ఎన్ని బంతులు ఆడాడు, ఎలాంటి పిచ్ మీద, మంచి బంతికి అవుటయ్యాడా లేక ప్రతిసారీ అదే తప్పు చేస్తున్నాడా, బయట ఎదురుచూస్తున్నది ఎవరు. తీశాక కారణం చెప్పాలి, ఏం చేస్తే తిరిగి రావచ్చో చెప్పాలి. ఇందులో ఖర్చయ్యేదేమీ లేదు. రెండు నిమిషాల మాట, అంతే.

మీరూ ఈసారి మన ఓపెనర్ 15కి అవుటైతే, మీమ్ ఫార్వర్డ్ చేసే ముందు స్కోర్‌కార్డ్‌లో పరుగుల పక్కన ఉండే బంతుల అంకె ఒకసారి చూడండి. 9 బంతులైతే తిట్టుకోండి, నేనూ మీతో కలుస్తాను. 60 అయితే కాస్త ఆగండి.

తమ్ముడు ఈ మధ్య మళ్లీ ఆదివారాలు లీగ్ మ్యాచ్‌లకి వెళ్తున్నాడు. వాడి ఫోన్ నోట్స్‌లో ప్రతి ఇన్నింగ్స్ రాసుకుంటాడు. ముందు బంతులు, తర్వాత పరుగులు.